మూడో బేస్ నుంచి ఇంటిదాకా: 1991 వరల్డ్ సిరీస్ ఏడో ఆట, ఒక కోచ్ కేస్ స్టడీ

1991 అక్టోబర్ 27, ఆదివారం రాత్రి. మినియాపొలిస్ మెట్రోడోమ్ స్టేడియంలో వరల్డ్ సిరీస్ ఏడో ఆట. వరల్డ్ సిరీస్ అంటే అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఫైనల్, ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి స్కోరు 0–0. పదో ఇన్నింగ్‌లో మినెసోటా ట్విన్స్ ఒకే ఒక్క రన్ చేసి అట్లాంటా బ్రేవ్స్ మీద గెలిచింది. ఏడో ఆట ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళడం 1924 తర్వాత మళ్ళీ అప్పుడే.

ఈ ఆట పేరెత్తగానే అందరూ చెప్పేది జాక్ మోరిస్ గురించి. 36 ఏళ్ళ పిచ్చర్ (క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు) పది ఇన్నింగ్స్ ఒక్కడే వేసి, ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. గొప్ప విషయమే, కాదనను. కానీ పిల్లలకి బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ నేర్పే కోచ్‌గా ఈ ఆటని బయటికి తీసినప్పుడు నేను మోరిస్ దగ్గర ఎక్కువసేపు ఆగను. మూడో బేస్ నుంచి హోమ్ ప్లేట్ దాకా ఉన్న 90 అడుగుల దగ్గర ఆగుతాను. ఆ రాత్రి రన్నర్ మూడో బేస్ దాకా వచ్చిన ఐదు సందర్భాలు ఈ కేసులో చూస్తాను. నాలుగుసార్లు రన్నర్ ఆ 90 అడుగులు దాటలేకపోయాడు. ఐదోసారి దాటాడు, కప్పు వచ్చింది.

రూల్స్, చాలినంత వరకే

క్రికెట్ మాత్రమే చూసేవాళ్ళ కోసం కొంచెం చెప్పుకుందాం. బేస్‌బాల్‌లో బ్యాటర్ బంతిని కొట్టి మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ మీదుగా తిరిగి హోమ్ ప్లేట్‌కి వస్తే ఒక రన్. బేస్‌కీ బేస్‌కీ మధ్య దూరం 90 అడుగులు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు అయిపోయినట్టే. రెండు జట్ల వంతులూ కలిస్తే ఒక ఇన్నింగ్, మొదటి వంతు పై భాగం, రెండోది కింది భాగం. తొమ్మిది ఇన్నింగ్స్‌కి స్కోరు సమానమైతే, తేడా వచ్చేదాకా ఒక్కో ఇన్నింగ్ ఆడుతూ పోవాలి. సొంతగడ్డ జట్టు ఎప్పుడూ రెండోసారి బ్యాటింగ్‌కి దిగుతుంది కాబట్టి, చివర్లో వాళ్ళకి ఒక్క రన్ ఆధిక్యం వచ్చిన క్షణానే ఆట ముగుస్తుంది.

ఇంకో ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి, ఈ కేసంతా దాని చుట్టూనే తిరుగుతుంది. బ్యాటర్ బంతిని నేల మీదుగా కొట్టాడంటే మొదటి బేస్‌కి పరిగెత్తి తీరాలి. అప్పటికే మొదటి బేస్ మీద మనిషి ఉంటే, అతను ఖాళీ చేసి రెండో బేస్‌కి పోవాల్సిందే. ఇలా వెనకవాడు వస్తున్నాడని ముందువాడు కదలక తప్పనప్పుడు ఫీల్డర్‌కి పని తేలిక. రన్నర్‌ని ముట్టుకోనక్కర్లేదు, బంతి చేతిలో పెట్టుకుని బేస్ తొక్కితే చాలు, అవుట్. దీన్ని ఫోర్స్ అంటాం. మొదటి బేస్ ఖాళీగా ఉంటే మూడో బేస్ మీదున్నవాడికి ఫోర్స్ లేదు, అతన్ని ముట్టుకునే అవుట్ చేయాలి. అందుకే ఫీల్డింగ్ జట్టు కొన్నిసార్లు ప్రమాదకరమైన బ్యాటర్‌కి కావాలనే మొదటి బేస్ ఇచ్చేస్తుంది. ఇంటెన్షనల్ వాక్ అంటే అదే. బేస్‌లన్నీ నిండితే ప్రతి బేస్ దగ్గరా ఫోర్స్ దొరుకుతుంది, ఒకే దెబ్బకి ఇద్దరిని అవుట్ చేసే డబుల్ ప్లేకి దారి తెరుచుకుంటుంది.

ఎవరు, ఎక్కడ, ఏ పరిస్థితిలో

రెండు జట్లూ 1990లో తమ తమ డివిజన్లలో ఆఖరి స్థానంలో ఉన్నవే. ఏడాది తిరిగేసరికి ఫైనల్లో ఎదురుపడ్డాయి. ఏడు ఆటల్లో ఐదు ఒక్క రన్ తేడాతో తేలాయి, మూడు ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌కి వెళ్ళాయి. ముందురోజు రాత్రి ఆరో ఆటలో కిర్బీ పకెట్ 11వ ఇన్నింగ్‌లో హోమ్ రన్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటి దెబ్బ) కొట్టి ట్విన్స్‌ని బతికించాడు. సిరీస్ అంతా సొంతగడ్డ జట్టుదే గెలుపు.

మెట్రోడోమ్ గురించి చెప్పకుండా ఈ కేసు అర్థం కాదు. గాలి ఒత్తిడితో నిలబడే తెల్లటి పైకప్పు. ఆ తెలుపులో తెల్లబంతి కళ్ళకి దొరక్కపోవడం అక్కడ మామూలుగా ఉండేది. నేల మీద కృత్రిమ గడ్డి, బంతి పడితే ఎత్తుగా లేచేది. ఆ రాత్రి 55,118 మంది జనం, మూసిన కప్పు కింద. పక్కనున్నవాడు అరిచినా వినపడనంత గోల. బేస్‌ల మీద ఉన్నవాడికి కోచ్ కేక మీద ఆధారపడే వీలు లేదు, కళ్ళే దిక్కు.

పిచ్చర్లిద్దరి కథా ఆసక్తిగా ఉంటుంది. మోరిస్ పుట్టింది సెయింట్ పాల్‌లో, అంటే మినియాపొలిస్ పక్కనే. కానీ పేరు తెచ్చుకుంది డెట్రాయిట్ టైగర్స్‌లో. అవతలి పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్ మిషిగన్‌లో టైగర్స్ అభిమానిగా పెరిగాడు, చిన్నప్పుడు అతనికి మోరిసే హీరో. టైగర్సే అతన్ని మొదట తీసుకుని, 1987లో డాయల్ అలెగ్జాండర్ కోసం అట్లాంటాకి ఇచ్చేశారు. నాలుగేళ్ళకి ఇద్దరూ ఒకే మౌండ్ (పిచ్చర్ నిలబడే మట్టిదిబ్బ) మీద ఇన్నింగ్ మార్చి ఇన్నింగ్ నిలబడ్డారు. స్మోల్ట్జ్ ఏడు ఇన్నింగ్స్ దాటేదాకా ఒక్క రన్ ఇవ్వలేదు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు.

మోరిస్‌కి సిరీస్‌లో ఇది మూడో ఆట. మొదటి ఆట, నాలుగో ఆట, ఏడో ఆట, మధ్యలో మూడేసి రోజుల విశ్రాంతే.

మొదటి సందర్భం: ఐదో ఇన్నింగ్, అట్లాంటా

మార్క్ లెమ్కీ సింగిల్ (మొదటి బేస్ దాకా తెచ్చే దెబ్బ) కొట్టాడు. తర్వాతివాడు బంట్ ఆడి, అంటే బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా తోసి, తాను అవుటై, అతన్ని రెండో బేస్‌కి పంపాడు. లోనీ స్మిత్ కూడా బంట్ ఆడాడు గానీ అతను మొదటి బేస్‌కి క్షేమంగా చేరాడు. మొదటి బేస్, మూడో బేస్ మీద మనుషులు, ఒకటే అవుట్. ఇక్కడ అట్లాంటాకి కావాల్సింది ఒక మోస్తరు ఫ్లై బంతి, అంటే గాల్లోకి లేచి దూరంగా పోయేది. దాన్ని ఫీల్డర్ పట్టినా, పట్టాక మూడో బేస్ మీదున్నవాడు ఇంటికి పరిగెత్తొచ్చు. టెర్రీ పెండిల్టన్ గాల్లోకి లేపింది ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల చుట్టూ ఉన్న లోపలి భాగం) దాటలేదు. రాన్ గ్యాంట్ బంతిని కొట్టలేక స్ట్రైక్ అవుట్ అయ్యాడు. లెమ్కీ మూడో బేస్ దగ్గరే ఉండిపోయాడు.

ఇక్కడ బ్యాటర్లది పెద్ద తప్పంటూ లేదు, మోరిస్ మంచి బంతులు వేశాడు. ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు.

రెండో సందర్భం: ఎనిమిదో ఇన్నింగ్ పై భాగం

ఈ కేసుకి గుండెకాయ ఇదే. నా దగ్గర పిల్లలకి ఈ ఒక్క భాగాన్నే ఆపి ఆపి చూపిస్తాను.

లోనీ స్మిత్ సింగిల్ కొట్టి మొదటి బేస్ చేరాడు. అవుట్లు లేవు. పెండిల్టన్‌కి మోరిస్ బంతి విసరగానే స్మిత్ రెండో బేస్ వైపు పరుగు అందుకున్నాడు. పెండిల్టన్ గట్టిగా కొట్టాడు. బంతి లెఫ్ట్ ఫీల్డర్ డాన్ గ్లాడెన్, సెంటర్ ఫీల్డర్ పకెట్‌ల మధ్యలోంచి గోడ దాకా పోయింది. ముందే పరుగు మొదలుపెట్టిన రన్నర్ ఇలాంటి బంతికి మొదటి బేస్ నుంచి నడిచినంత సులువుగా ఇంటికొస్తాడు.

స్మిత్ రాలేదు. రెండో బేస్ దగ్గర వేగం తగ్గించాడు, అటూ ఇటూ చూశాడు, దాదాపు ఆగిపోయాడు. బంతి నేల తాకిందని తేలాక మళ్ళీ కదిలి మూడో బేస్ దాకా వెళ్ళాడు. పెండిల్టన్ రెండో బేస్‌కి చేరాడు. స్కోరు ఇంకా 0–0.

ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. ట్విన్స్ రెండో బేస్‌మన్ చక్ నాబ్లాక్, ఆ ఏడాదే జట్టులోకి వచ్చిన కుర్రాడు, చేతిలో లేని బంతిని నేల మీంచి తీసినట్టు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గ్రెగ్ గ్యాగ్నీకి విసిరినట్టు నటించాడు. గ్యాగ్నీ కూడా అందుకోబోతున్నట్టు బేస్ దగ్గరికి వచ్చాడు. స్మిత్ ఆ నాటకానికి మోసపోయి ఆగాడని, అందుకే కప్పు పోయిందని. అట్లాంటాలో ఉన్న మన తెలుగువాళ్ళు ఎవరైనా అక్కడి పాత అభిమానుల దగ్గర లోనీ స్మిత్ పేరెత్తి చూడండి, పది నిమిషాలు వదలరు.

నాకు ఈ కథ మీద పూర్తి నమ్మకం లేదు. తాను ఆ నటనకి మోసపోలేదని, బంతి ఎక్కడుందో కనపడక ఆగానని స్మిత్ తర్వాత చెప్పాడు. ఆ మాట నిజమనిపించడానికి నాకు కనపడే ఆధారం అతని కాళ్ళే. రెండో బేస్ దగ్గరికి త్రో వస్తోందని నిజంగా నమ్మిన రన్నర్ స్లైడ్ అవుతాడు, అంటే నేల మీద జారుతూ బేస్ చేరతాడు, అది అలవాటుగా వచ్చేస్తుంది. స్మిత్ స్లైడ్ కాలేదు. నిలబడే వచ్చాడు, మెడ తిప్పి వెతికాడు. నాబ్లాక్ నటన అతని తలలో ఉన్న అయోమయాన్ని ఒక క్షణం పెంచి ఉండొచ్చు, ఆ అయోమయం మాత్రం అంతకు ముందే మొదలైంది.

అసలు పొరపాటు స్మిత్ పరుగు మొదలుపెట్టిన రెండు మూడు అడుగులకే జరిగిపోయింది. పిచ్చర్ విసరగానే పరిగెత్తే రన్నర్, మూడో అడుగు దగ్గర మెడ తిప్పి హోమ్ ప్లేట్ వైపు ఒక్క చూపు చూడాలి. బ్యాట్‌కి బంతి తగిలిందా, నేల మీదుగా వెళ్ళిందా, గాల్లోకి లేచిందా, ఏ వైపు పోయింది, ఇవన్నీ ఆ చూపులో తెలిసిపోతాయి. స్మిత్ అలా చూడలేదు. చూడకపోతే ఏమవుతుందంటే, ఎక్కడో బ్యాట్ చప్పుడు వినిపిస్తుంది, తల ఎత్తితే దూరంగా ఇద్దరు ఫీల్డర్లు పరిగెడుతూ కనిపిస్తారు. బంతి ఎక్కడ? వాళ్ళు పట్టబోతున్నారా? పట్టేస్తే నేను మొదటి బేస్‌కి తిరిగి పోవాలి కదా? ఇంత టెన్షన్‌లో, పైన తెల్లటి కప్పు, చుట్టూ హోరు.

ఒక మాట స్మిత్ తరఫున కూడా చెప్పాలి. బంతి ఎక్కడుందో తెలియని రన్నర్, అవుట్లు లేనప్పుడు, రెండో బేస్ దగ్గర నెమ్మదించడం తెలివితక్కువ పని కాదు. క్యాచ్ అయితే ఇద్దరూ అవుట్. తెలియనప్పుడు జాగ్రత్తపడ్డాడు, అంతవరకూ సరే. తెలుసుకునే అవకాశం చేతికందినప్పుడు వాడుకోలేదు, అదీ లోపం.

దిశ సంగతి కూడా గమనించాలి. మొదటి బేస్ నుంచి రెండో బేస్‌కి పరిగెత్తేవాడి ముఖం లెఫ్ట్ ఫీల్డ్ వైపే ఉంటుంది. లెఫ్ట్-సెంటర్‌లో పడిన బంతి అతని వెనక లేదు, ముందే ఉంది. బంతి రన్నర్ వీపు వెనక్కి, రైట్ ఫీల్డ్‌లోకి పోతే మూడో బేస్ కోచ్ చేతుల వైపు చూడమని నేర్పుతాం. ముందు పడిన బంతికి కోచ్‌తో పని లేదు, నీ కళ్ళే చెప్పాలి. బయల్దేరే చోటు చూడని బంతిని మధ్యదారిలో వెతకడం మాత్రం, అదీ ఆ కప్పు కింద, చాలా కష్టం.

అయినా అట్లాంటా ఓడిపోలేదు ఇంకా

ఈ మాట పిల్లలకి గట్టిగా చెప్తాను. స్మిత్ ఆగిన తర్వాత కూడా రెండో బేస్, మూడో బేస్ మీద రన్నర్లు, అవుట్లు సున్నా. బేస్‌బాల్ లెక్కల ప్రకారం ఇలాంటి స్థితిలో నూటికి దాదాపు 85 సార్లు కనీసం ఒక రన్ వస్తుంది. పైగా తర్వాత వచ్చేది గ్యాంట్, జస్టిస్, బ్రీమ్ లాంటి గట్టి బ్యాటర్లు. ఆట మొత్తం స్మిత్ నెత్తిన రుద్దడం అన్యాయం అనేది ఇందుకే.

గ్యాంట్ కొట్టిన బంతి బలహీనంగా దొర్లుకుంటూ మొదటి బేస్‌మన్ కెంట్ హర్బెక్ దగ్గరికి పోయింది. హర్బెక్ తానే బేస్ దగ్గర పని ముగించాడు. స్మిత్ మూడో బేస్ వదల్లేదు, వదిలి ఉంటే ప్లేట్ దగ్గర దొరికిపోయేవాడు. ఒక అవుట్.

ట్విన్స్ మేనేజర్ టామ్ కెలీ మౌండ్ దగ్గరికి వచ్చాడు. డేవిడ్ జస్టిస్‌కి బంతులు వేయాలా, కావాలనే మొదటి బేస్ ఇవ్వాలా? ఇస్తే బేస్‌లన్నీ నిండుతాయి. లెక్క చూస్తే, ఒక అవుట్‌తో రెండు, మూడు బేస్‌ల మీద మనుషులున్నా, మూడు బేస్‌లూ నిండినా, కనీసం ఒక రన్ వచ్చే అవకాశం దాదాపు ఒకటే, మూడింట రెండు వంతుల చుట్టూ తిరుగుతుంది. మారేవి రెండు. రన్నులు గుట్టగా వచ్చే ప్రమాదం పెరుగుతుంది, డబుల్ ప్లే దొరికే అవకాశం కొత్తగా వస్తుంది. ఎనిమిదో ఇన్నింగ్‌లో 0–0 దగ్గర ఒక రన్ ఇచ్చినా నాలుగు ఇచ్చినా కెలీకి పెద్ద తేడా లేదు. కాబట్టి వాక్ ఇచ్చేయడమే మేలు. తర్వాతి బ్యాటర్ సిడ్ బ్రీమ్ మోకాళ్ళు బాగోని, నెమ్మదిగా పరిగెత్తే మనిషి. కెలీ ఇది కూడా లెక్కలో వేసుకునే ఉంటాడు.

బ్రీమ్ ఎడమచేతి బ్యాటర్. నేల మీదుగా హర్బెక్ వైపే కొట్టాడు. హర్బెక్ బంతి తీసి ప్లేట్ దగ్గర క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) బ్రయన్ హార్పర్‌కి విసిరాడు. ఫోర్స్ కాబట్టి హార్పర్ స్మిత్‌ని ముట్టుకోనక్కర్లేదు, ప్లేట్ తొక్కితే సరి. వెంటనే తిరిగి హర్బెక్‌కి విసిరాడు. బ్రీమ్ ఇంకా దారిలోనే ఉన్నాడు. డబుల్ ప్లే, ఇన్నింగ్ ఖతం.

ఇందులో నాకు ఎక్కువ నచ్చేది హార్పర్ ప్రశాంతత. నాలుగో ఆటలో ఇదే స్మిత్ ప్లేట్ దగ్గర ఇతన్ని గట్టిగా గుద్దాడు, హార్పర్ బంతి వదల్లేదు, స్మిత్ అవుటయ్యాడు. ఏడో ఆట మొదలవగానే ఇద్దరూ చేతులు కలిపారు. ఎనిమిదో ఇన్నింగ్‌లో మళ్ళీ స్మిత్ తన మీదికే వస్తున్నాడని హార్పర్‌కి తెలుసు. అయినా తొక్కాల్సింది తొక్కి, విసరాల్సింది సూటిగా విసిరాడు.

మూడో, నాలుగో సందర్భాలు: మినెసోటా వంతు

ఎనిమిదో ఇన్నింగ్ కింది భాగంలో ఆట అద్దంలో చూసినట్టే జరిగింది. ర్యాండీ బుష్ సింగిల్ కొట్టాడు, అతని బదులు పరిగెత్తడానికి అల్ న్యూమన్ వచ్చాడు. ఒక అవుట్ తర్వాత నాబ్లాక్ సింగిల్, న్యూమన్ మూడో బేస్‌కి. స్మోల్ట్జ్‌ని తీసేసి ఎడమచేతి పిచ్చర్ మైక్ స్టాంటన్‌ని దింపాడు అట్లాంటా మేనేజర్ బాబీ కాక్స్. పకెట్‌కి ఇంటెన్షనల్ వాక్. బేస్‌లు నిండాయి, ఒక అవుట్. ఎడమచేతి బ్యాటర్ హర్బెక్ నేరుగా రెండో బేస్‌మన్ లెమ్కీ చేతుల్లోకి కొట్టాడు. లెమ్కీ పట్టి, పక్కనే ఉన్న రెండో బేస్ తొక్కాడు. బేస్ వదిలి ముందుకొచ్చిన నాబ్లాక్ కూడా అవుట్.

కాసేపటి కింద అట్లాంటాని ఏ ఉపాయంతో కెలీ కట్టేశాడో, అదే ఉపాయంతో కాక్స్ మినెసోటాని కట్టేశాడు. ఒకే ఇన్నింగ్‌లో రెండు జట్లకీ బేస్‌లు నిండి, ఒకే అవుట్‌తో, రెండూ డబుల్ ప్లేతో ముగిశాయి. మోరిస్ మీద పొగడ్తలు గుప్పించేవాళ్ళు అట్లాంటా ఈ ఫీల్డింగ్‌ని మర్చిపోతారు.

తొమ్మిదో ఇన్నింగ్‌లో మళ్ళీ. చిలీ డేవిస్ సింగిల్, అతని బదులు జార్విస్ బ్రౌన్ రన్నర్‌గా వచ్చాడు. హార్పర్ బంట్ ఆడి మొదటి బేస్ చేరాడు, ఆ బంతి కోసం పరిగెత్తిన స్టాంటన్‌కి కండరం పట్టేసింది. అలెహాండ్రో పెన్యా బౌలింగ్‌కి వచ్చాడు (పిచింగ్ అనాలి, క్రికెట్ అలవాటు పోదు). షేన్ మ్యాక్ డబుల్ ప్లేకి కొట్టాడు, బ్రౌన్ మాత్రం మూడో బేస్ చేరాడు. మైక్ పాగ్లియరులోకి ఇంటెన్షనల్ వాక్ ఇచ్చారు, పాల్ సొరెంటో స్ట్రైక్ అవుట్. బ్రౌన్ కూడా అక్కడే మిగిలిపోయాడు.

డేవిస్ బదులు బ్రౌన్‌ని దింపిన ఆ చిన్న నిర్ణయం పదో ఇన్నింగ్‌లో ఖరీదు అడిగింది. డేవిస్ గట్టి బ్యాటర్, ఇప్పుడు అతని స్థానంలో పరుగుకి పనికొచ్చేవాడు మిగిలాడు.

మోరిస్‌ని ఆపాలా?

తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక కెలీ మోరిస్‌తో ఇక చాలన్నాడు. మోరిస్ ఒప్పుకోలేదు. పిచింగ్ కోచ్ డిక్ సచ్ కూడా అతను బాగానే ఉన్నాడన్నాడు. కెలీ భుజాలెగరేసి, ఏముంది, ఆటే కదా అని వదిలేశాడు. మోరిస్ తొమ్మిదో ఇన్నింగ్‌లో వరసగా ముగ్గురిని అవుట్ చేశాడు, పదిలోనూ అంతే.

దీన్ని మొండితనం గెలిచిన కథగా చెప్తారు. నా లెక్క కొంచెం వేరు. మోరిస్ ఆ రాత్రి మొత్తం వేసినవి 126 బంతులు. పది ఇన్నింగ్స్‌కి పంచితే ఇన్నింగ్‌కి 13 కూడా లేవు. చెయ్యి అలిసిపోయిన పిచ్చర్ ఆఖర్లో ఇంత పొదుపుగా వేయలేడు, బంతులు పక్కకి పోతాయి, వాక్‌లు పెరుగుతాయి. పైగా కెలీ దగ్గర ఆఖరి ఇన్నింగ్స్‌కి ఉన్న రిక్ అగిలేరా ముందురాత్రే ఆరో ఆటలో రెండు ఇన్నింగ్స్ వేశాడు. కాబట్టి మోరిస్‌ని కొనసాగించడంలో ఆవేశం ఎంత ఉందో వివేకం కూడా అంతే ఉంది.

కానీ ఈ వీడియో చూపించాక పిల్లల్లో ఎవరో ఒకరు నేనూ మొత్తం ఆట వేస్తానంటారు. కొందరు తల్లిదండ్రులు కూడా. వాళ్ళకి వేరే కాగితం చూపిస్తాను. అమెరికాలో కుర్రాళ్ళ కోసం పెట్టిన పిచ్ స్మార్ట్ సూచనల్లో 15–16 ఏళ్ళవాళ్ళకి రోజుకి గరిష్ఠంగా 95 బంతులు, 75 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. మోరిస్ వయసు 36, ఒళ్ళు గట్టిపడిన ప్రొఫెషనల్. ఈ విషయంలో బేరాలుండవు.

ఐదో సందర్భం: పదో ఇన్నింగ్

గ్లాడెన్ మొదటి బ్యాటర్. బ్యాట్ విరిగింది. బంతి పొట్టిగా ఎగిరి లెఫ్ట్-సెంటర్‌లో అట్లాంటా ఫీల్డర్లు బ్రయన్ హంటర్, గ్యాంట్‌ల మధ్య పడి, ఆ కృత్రిమ గడ్డి మీద ఎత్తుగా లేచింది. ఒక బేస్‌కి మించి రాని దెబ్బ అది. గ్లాడెన్ మొదటి బేస్ దగ్గర ఆగనే లేదు. బంతి లేచిన తీరు చూశాడు, అది కిందికి దిగేలోపు తనకి టైమ్ ఉందని లెక్కేశాడు, రెండో బేస్‌కి స్లైడ్ అయ్యాడు.

ఈ రెండు బంతుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. పెండిల్టన్ గోడదాకా కొట్టిన దెబ్బ లెఫ్ట్-సెంటర్‌కే, గ్లాడెన్ విరిగిన బ్యాట్‌తో తోసిందీ అటే. మొదటిదానికి రన్ రాలేదు, రెండోదాని నుంచి కప్పు వచ్చింది. న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. గ్లాడెన్ బ్యాటర్, తన బంతి ఎటు పోయిందో అతనికి ఎలాగూ తెలుసు. స్మిత్‌కి ఆ సౌకర్యం లేదు. అందుకే ఆ మూడో అడుగు చూపు రన్నర్‌కి అంత అవసరం.

నాబ్లాక్ బంట్ ఆడి, తాను అవుటై, గ్లాడెన్‌ని మూడో బేస్‌కి పంపాడు. ఒక అవుట్ ఖర్చుపెట్టి ఒక బేస్ కొనడాన్ని లెక్కలు తెలిసినవాళ్ళు ఈరోజుల్లో ఇష్టపడరు. ఒకే రన్ చాలు, అదొస్తే ఆటే అయిపోతుంది అన్నప్పుడు మాత్రం నేను కూడా ఆడిస్తాను, రన్ వచ్చే అవకాశం అప్పుడు కొంచెం పెరుగుతుంది. కాక్స్ మళ్ళీ పకెట్‌కి, హర్బెక్‌కి ఇద్దరికీ వాక్ ఇచ్చేశాడు. బేస్‌లు నిండాయి. ఇప్పుడు బ్యాటింగ్ వంతు జార్విస్ బ్రౌన్‌ది.

బెంచ్ మీదనుంచి జీన్ లార్కిన్ లేచాడు. మోకాలి నొప్పితో సరిగ్గా పరిగెత్తలేని మనిషి. నేల మీదుగా కొడితే డబుల్ ప్లే ఖాయం, కాక్స్ ఆశ కూడా అదే. కానీ లోతుగా ఏ ఫ్లై పడినా గ్లాడెన్ ఇంటికొచ్చేస్తాడు. కాబట్టి అవుట్‌ఫీల్డర్లు వెనక నిలబడి లాభం లేదు, అందర్నీ ముందుకి లాగారు. వేరే దారి లేదు వాళ్ళకి. పెన్యా మొదటి బంతినే లార్కిన్ లెఫ్ట్-సెంటర్ వైపు హంటర్ తల మీదుగా లేపాడు. మామూలు రోజైతే తేలిగ్గా పట్టే బంతి. గ్లాడెన్ ఆ 90 అడుగులు నింపాదిగా వచ్చి ప్లేట్ తొక్కాడు. అక్కడ అతని కోసం ముందుగా వచ్చి నిలబడ్డది మోరిస్.

రెండు జట్ల హిట్లు మినెసోటాకి 10, అట్లాంటాకి 7. ఎర్రర్లు (ఫీల్డింగ్ తప్పులు) ఎవరికీ లేవు. స్కోర్‌కార్డులో లోనీ స్మిత్ ఆగడం ఎక్కడా కనపడదు, ఎర్రర్ కింద రాయరు దాన్ని.

మా ప్రాక్టీస్‌లోకి ఏం తెచ్చుకున్నాను

ఇందులోంచి నేను ఒకటే డ్రిల్ చేయిస్తాను. రన్నర్ మొదటి బేస్ నుంచి పిచ్‌తో పాటు పరిగెత్తాలి. హోమ్ ప్లేట్ దగ్గర నేను కొడతాను, లేదా కొట్టినట్టు చేసి వదిలేస్తాను. ఒక్కోసారి నేల మీదుగా, ఒక్కోసారి గాల్లోకి, ఒక్కోసారి అసలు తగలనివ్వను. రన్నర్ మూడో అడుగుకి చూసి, ఏం జరిగిందో పరిగెడుతూనే గట్టిగా అరిచి చెప్పాలి: నేల, గాలి, లేదు. అరుపు ఆలస్యమైతే వెనక్కి. మొదట్లో మెడ తిప్పగానే వేగం తగ్గిపోతుంది, కొందరు పక్కకి వంకరగా పోతారు. మెడ మాత్రమే తిరగాలి, భుజాలు తిరగకూడదు. అది ఒంటికి పట్టడానికి టైమ్ పడుతుంది.

నాబ్లాక్ చేసిన నటన నేర్పమని ఇన్‌ఫీల్డర్లు ప్రతిసారీ అడుగుతారు, చూడ్డానికి సరదాగా ఉంటుంది కదా. దానికి నేను ఒక గీత గీసి పెట్టాను. బంతి లేకుండా ఫీల్డింగ్ చేస్తున్నట్టు, విసురుతున్నట్టు నటించడం వేరు, బేస్ దగ్గర రన్నర్‌ని ముట్టుకోబోతున్నట్టు ఉత్తుత్తి ట్యాగ్ వేయడం వేరు. రెండోది సాఫ్ట్‌బాల్‌లో అబ్‌స్ట్రక్షన్ (రన్నర్‌ని అడ్డుకున్న తప్పు), అమెరికా హైస్కూల్ బేస్‌బాల్‌లో కూడా అంతే. అనవసరంగా స్లైడ్ అయిన పిల్ల చీలమండ విరిగితే ఆ తప్పు మనదే. మన దగ్గర బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ రెండూ ఆడే పిల్లలు ఎక్కువ, సీజన్ మారగానే రూల్ మారుతుందన్న సంగతి వాళ్ళకి గుర్తుండదు. అందుకని మా టీమ్‌లో ఉత్తుత్తి ట్యాగ్ ఏ ఆటలోనూ ఒప్పుకోను. దూరం నుంచి నటించేది మాత్రం వాళ్ళ ఇష్టం, రన్నర్ దారికి అడ్డం రానంతవరకూ.